అంతా పచ్చగానే ఉందట

హలో… ఆ, నేనే వదినా. కొట్లోనే ఉన్నా, చెప్పండి… లేదు లేదు, పెద్ద పనేం లేదు, చొక్కాల కాజాలు చూసుకుంటున్నా. ఫోను బల్ల మీద పెట్టి స్పీకరు వేశాను. చేత్తో పట్టుకుని ఎక్కువసేపు మాట్లాడలేను కదా… ఎవరూ లేరు, నేనూ మిషనూ అంతే. మీరు మొహమాటం లేకుండా మాట్లాడండి.

…ఎవరికి?

…పచ్చకామెర్లా. మీ తమ్ముడికి.

…నాకు తెలియకుండా ఆయనకి పచ్చకామెర్లు ఎప్పుడొచ్చాయి వదినా? నేనూ అదే ఇంట్లో ఉంటున్నా.

…ఆయనే ఫోన్ చేసి చెప్పారా. ఏమన్నారో ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

…"స్కానింగు అయిపోయిందక్కా, అంతా పచ్చగా వచ్చింది" అన్నారు. అంతేగా ఆయనన్నది?… మీరు ఆ మాట తీసుకెళ్లి అన్నయ్యగారికి చెప్పారు. అన్నయ్యగారు పేపరు పక్కన పెట్టకుండానే విని, పచ్చ పక్కన కామెర్లు కలిపారు… అదీ సంగతి. నేను అనుకుంటూనే ఉన్నా, రెండు మూడు రోజుల్నుంచీ మీ పెద్దాడు, మీ ఆడపడుచు, ఇంకెవరో గొంతు తెలియని ఆయన, అందరూ ఫోన్ చేసి "పథ్యం జాగ్రత్త" అని పెట్టేస్తున్నారు. ఏ పథ్యమో అర్థం కాక అందరికీ సరేనన్నాను.

…కంగారు పడకండి. కళ్లు తెల్లగా ఉన్నాయి, గోళ్లు తెల్లగా ఉన్నాయి. ఆకలి ఎప్పటిలాగే ఉంది, నిజం చెప్పాలంటే ఎప్పటికంటే కాస్త ఎక్కువే.

…మందు బస్సులో పంపించేశారా? డ్రైవరుకిచ్చి?… సరే, పంపించింది వెనక్కి రాదుగా. వస్తే తీసుకుని అలమరలో పెడతాను. ఎవరికైనా పనికొస్తుంది.

…ఆ? కామెర్లు కాకపోతే పచ్చగా ఉండటం మంచిదేగా అంటారా… వదినా, అది దీవెన కాదు. ఆయనా మీలాగే అనుకున్నారు. సిగ్నలు దగ్గర పచ్చలైటు పడ్డట్టు, ఇక పోవచ్చు అన్నారనుకున్నారు. స్కానింగు అబ్బాయి కంప్యూటరు ఇటు తిప్పి, "చూడండి సార్, ఎంత పచ్చగా ఉందో" అన్నాడట. ఈయన అతనికి థాంక్స్ చెప్పి, బయటికొచ్చి, అందరికంటే ముందు మీకు ఫోన్ చేశారు. నాకింకా చెప్పనేలేదు. నేనప్పుడు పక్కగదిలో ఉన్నా.

…పక్కగదిలో నాకేం పని అంటే… వస్తా, ఆ సంగతికీ వస్తా. ముందు మీ తమ్ముడి కాలు పూర్తి చేయనివ్వండి.

…గది సంగతా? ఏ గది?… ఓ, ఇంటి ముందు ఈ కొట్టు గది. మీ చిన్నాడు కొరియరు ఆఫీసుకి అడుగుతున్నది. అదీ తర్వాతే వదినా. ఆయన మీతో ఏం అన్నారో నాకు తెలీదు, ప్రస్తుతానికి మాత్రం ఇందులో నా రెండు మిషన్లూ, నా కటింగు బల్లా, నేనూ ఉన్నాం. కాలు సంగతి వినండి.

ఆయనకి తీసింది సీటీ. అంటే మనకి తెలిసిన సీటీ కాదు, ఒకేసారి రెండు రకాల కిరణాలు పంపిస్తారట. ఎముక వాటికి ఒకలా కనిపిస్తుంది, ఎముక కానిది ఇంకోలా కనిపిస్తుంది. ఒంట్లో యూరిక్ యాసిడ్ అని ఉంటుంది చూడండి, అది ఎక్కువైతే కీళ్ల సందుల్లో పంచదార పలుకుల్లా పేరుకుంటుంది. ఆ పలుకులు ఎక్కడెక్కడ ఉన్నాయో అక్కడ కంప్యూటరు పచ్చరంగు వేసి చూపిస్తుంది. వాటికి అసలు ఆ రంగు ఉండదు. మనం గుర్తు పట్టడానికి వేసిన రంగు. నేను గుడ్డ మీద సుద్దగీత గీసుకోనూ, అలాగ.

…ఎక్కడేమిటి, చాలాచోట్ల. కాలి బొటనవేలి దగ్గర ఇంత ముద్ద. చీలమండ దగ్గర కాస్త. మోకాలి చిప్ప పక్కన కాస్త. డాక్టరమ్మ ఆ ఫోటో తిప్పితిప్పి చూపిస్తుంటే ఈయన ముందుకు వంగి ముచ్చటగా చూస్తున్నారు, తోట చూస్తున్నట్టు. ఆవిడే చివరికి, "మాస్టారూ, పచ్చగా ఉన్నదంతా రోగమండీ" అంది.

…గౌట్. గౌ-ట్… వాతమే అంటే వాతమే వదినా. మనకి మోకాలు నొప్పి పుట్టినా వాతమే, మెడ పట్టేసినా వాతమే, చిటికెనవేలు వంగకపోయినా వాతమే. మాటకేం, ఒక్కటి చాలు. మందులు మాత్రం ఒక్కటి చాలవట. ఆవిడ దగ్గర గోడకి పెద్ద బొమ్మ ఉంది, కీళ్లనొప్పుల్లో ఎన్ని రకాలో. చూస్తుంటే నాకు షర్టు కాలర్ల కేటలాగు గుర్తొచ్చింది.

…అరుగుదల కాదు.

…కాదు వదినా.

…మన వీధి డాక్టరు అరుగుదల అనే అన్నాడు, నేను కాదనలేదు. ఆయన జుట్టు నెరిసిన వాళ్లందరికీ అరుగుదలే రాస్తాడు. ఈవిడ ఎక్స్‌రే, సీటీ రెండూ పక్కపక్కన పెట్టి చూసింది. ఎముకకీ ఎముకకీ మధ్య సందు ఎంత ఉండాలో అంతా ఉందట. "ఈ వయసులో ఇంత చక్కటి మోకాళ్లు నేనెప్పుడోగానీ చూడను" అంది. ఆ మాటకి మీ తమ్ముడి మొహం చూడాల్సింది. పురుగు పట్టిన బియ్యం చూసినట్టు పెట్టారు.

…ఎందుకంటే ఏం చెప్పను. ఆయనకి మిగిలిన ఒకే ఒక్క గొప్ప ఆ అరుగుదల. పెళ్లిళ్లలో, బస్సుల్లో, ఎవరు కదిలిస్తే వాళ్లకి చెప్పుకునేది అదేగా. "పిల్లల కోసం గ్రౌండులో అరగదీసుకున్నాను" అని. స్కానింగుకి ముందే డాక్టరమ్మకీ అదే చెప్పబోయారు. "ఏం పని చేసేవారు?" అంది. "డ్రిల్లు మాస్టార్నండీ" అన్నారు. "బాగా పరిగెత్తేవారా?" అంది. ఈయన కాసేపు ఆలోచించి, "పరిగెత్తించేవాణ్ణి" అన్నారు.

…నవ్వలేదు వదినా ఆవిడ. రాసుకుంది. నవ్వి ఉంటేనే నయం. వేపచెట్టు కింద కుర్చీ, మెడలో ఈల, అవే కదా ఆయన ఆటలు. కుర్చీ అరిగి ఉంటుందేమోగాని మోకాలెందుకు అరుగుతుంది… సరే సరే, మీ తమ్ముణ్ణి నేనేం అనడం లేదు. స్కాను చెప్పింది చెప్తున్నా.

…మందులిచ్చింది. నొప్పికి ఒకటి, ఆ పలుకులు కరగడానికి ఒకటి. కొన్ని నెలలు వాడాక మళ్లీ ఇదే ఫోటో తీస్తారట, పచ్చ తగ్గిందో లేదో చూడటానికి. ఈయన మాత్రం పచ్చ పోతే ఇంక చూసేందుకు ఏముంటుందని దిగులుగా ఉన్నారు.

…తిండా?

…అడిగింది. ఏం తింటారు, ఏం తాగుతారు అని అడిగింది.

…నేను చెప్పలేదు వదినా. ఒట్టు, నేను నోరు విప్పలేదు. ఆయనే చెప్పారు. కుర్చీలో నిటారుగా కూర్చుని మరీ చెప్పారు. "మా అక్క చెప్పిందండీ, ఎముక అరిగితే ఎముకే తాగాలని. రోజూ పొద్దున్నే ఎముకల సూపు. ఆదివారం లివరు. ఒక్కరోజు తప్పలేదు" అన్నారు. డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. "ఎప్పట్నుంచి?" అంది. "మా అక్క చెప్పిన దగ్గర్నుంచి" అన్నారు.

…అలా ఏం అనలేదు. మీ పేరు ఎవరూ రాసుకోలేదు.

…వదినా, మీరు మంచికే చెప్పారు. ఎవరు కాదన్నారు? సూపు వల్లే వచ్చిందని ఆవిడా అనలేదు. కొందరి ఒంటి తీరే అంతట, కిడ్నీలు దాన్ని సరిగ్గా బయటికి పంపవట. కాకపోతే ఇలాంటి ఒంటికి మాంసం, లివరు, బీరు, ఎముకల నీళ్లు ఇవన్నీ పడవట. ఉన్నవి చాలక రోజూ గిన్నెడు పోశాం. ఆయనకి నొప్పి ఎక్కువైనప్పుడల్లా మీరు "సూపు చిక్కగా కాచడం లేదేమో" అనేవారు, నేను ఇంకో నాలుగు ఎముకలు వేసేదాన్ని. అంత శ్రద్ధగా ఎవరు పెంచుతారు చెప్పండి రోగాన్ని.

…ఏడుస్తున్నారా?

…ఏడవకండి. ఆయనకేం కాలేదు. కాలు మీద కాలేసుకుని కూర్చోగలుగుతున్నారు. నిన్నట్నుంచి నొప్పి బాగా తగ్గింది కూడా.

…ఆ, సూపు మానేశాం. ఆయన్ని తాగొద్దంది, నన్నూ మానేయమంది.

…తాగడం కాదు వదినా. నేనెప్పుడు తాగాను? ఎముకలు కొట్టడం. తెల్లారి లేచి కత్తి పట్టుకుని ఎముకలు కొట్టడం మానేయమంది. అదుగో, అడిగారుగా పక్కగదిలో ఏం చేస్తున్నావని. అక్కడికే వస్తున్నా.

ఆయనకి తోడుగా వెళ్లాను నేను. ఆయన ఫైలు, ఆయన పాత ఎక్స్‌రేలు, ఆయన నీళ్ల సీసా పట్టుకుని. స్కానింగుకి ముందు డాక్టరమ్మ గదిలో ఆయనకి దాహం వేసింది. సీసా మూత తీయబోతే నాకు రాలేదు. ఎప్పుడూ రాదు, కొంగు పట్టి తిప్పుతా, లేకపోతే పళ్లతో లాగుతా. డాక్టరమ్మ ఆయనతో మాట్లాడుతున్నదల్లా ఆగి నన్నే చూస్తోంది. "అమ్మా, చేతులు ఇలా బల్ల మీద పెట్టండి" అంది. పెట్టాను. ఒక్కో కణుపూ వేళ్ల మధ్య పెట్టి నొక్కింది. మూడోదానికే నాకు కళ్లలో నీళ్లు. "పొద్దున లేచాక ఈ చేతులు దారిలోకి రావడానికి ఎంతసేపు పడుతుంది?" అంది. వదినా, ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు ఇంతవరకూ. "సూపు కాగి దించేసేదాకా వంగవండీ" అన్నాను. ఇంట్లో నా గడియారం అదేగా.

…ఉన్నాయి, నాకూ ఎక్స్‌రేలున్నాయి. మీకు గుర్తుంది కదా. కిటికీకి ఎత్తిపట్టి మీరే చూశారు. ఎముకలు ముత్యాల్లా ఉన్నాయన్నారు. "ఇంత శుభ్రమైన చేతులకి నొప్పేమిటే, పనంటే భయం వేసుంటుంది" అన్నారు… నవ్వుతూనే అన్నార్లెండి. అందరం నవ్వాం. నేనూ నవ్వాను.

అదే ఆవిడకి చెప్పాను, ఎక్స్‌రేలో ఏం లేదన్నారండీ అని. దానికావిడ, "ఎక్స్‌రే ఎముక పాడయ్యాక చూపిస్తుందమ్మా. ఇల్లు కాలాక తీసిన ఫోటో అది. మనం పొగ ఉన్నప్పుడే చూడాలి" అంది. అక్కడికక్కడే ఆ కడుపుతో ఉన్నవాళ్లకి చేసే మిషను తెచ్చి, చల్లగా జిగురు రాసి, నా వేళ్ల మీద పెట్టింది. కీలు లోపల ఎర్రగా మిణుకు మిణుకుమంటోంది. "అది రక్తం. అక్కడ అంత ఉండకూడదు" అంది. ఎమ్మారై రాసింది.

…ఆ, నాకే. పెద్ద మిషనే.

…అదే గొడవైంది మరి. మీ తమ్ముడు ఒప్పుకోలేదు. "రోగిని నేనైతే ఎమ్మారై ఈవిడకేమిటి?" అన్నారు. సీటీ మిషను చూశారుగా, బండి చక్రంలా ఉంటుంది, ఇటు వెళ్లి అటు వచ్చేయడమే. ఎమ్మారై అంటే సొరంగం, తలుపు మీద ఎర్రటి బోర్డు, లోపల సుత్తులతో కొట్టినంత చప్పుడు. పెద్ద రోగానికి పెద్ద మిషననీ, డాక్టరమ్మ పొరపాటున పేర్లు తారుమారు చేసిందనీ ఆయన లెక్క. రిసెప్షన్లో అమ్మాయిని అడిగారు కూడా, "నాక్కూడా అదే తీయరా?" అని. ఆ అమ్మాయి చాలా ఓపికగా, "మీ జబ్బుకి సీటీయే గొప్పది సార్" అంది. అప్పుడు శాంతించారు.

…నవ్వకండి, ఇంకా ఉంది. లోపలికి పంపేముందు "ఒంటి మీద ఇనుము ఏమైనా ఉందా?" అన్నారు. లేదన్నాను. మెడ దగ్గర చెయ్యి పెట్టుకుంటే గుండుసూదులు. దర్జీదాన్ని కదా, గుచ్చుకుని మర్చిపోయా. ఒకటి తీస్తే ఒకటి. ఆ అబ్బాయి గిన్నె పట్టుకుని నిలబడ్డాడు, నేను ఏరి ఏరి వేస్తున్నా. చివరికి గౌను ఇచ్చి, బట్టలన్నీ మార్చుకోండమ్మా అన్నాడు. ఉంగరం రాలేదు. వేలు వాచిపోయి ఎన్నాళ్లయిందో. నా పర్సులో దారం ఉండబట్టి సరిపోయింది, వేలికి గట్టిగా చుట్టి, ఉంగరం కింద నుంచి కొస లాగి, మెల్లగా తిప్పుకుంటూ తీశాం. బోర్లా పడుకోబెట్టి, చెయ్యి ముందుకి చాపమని, కదలొద్దన్నారు. ఇంట్లో ఎవరూ నన్ను కదలొద్దు అనలేదు వదినా ఇంతవరకూ. ఆ చప్పుడులో నిద్రపట్టేసింది. పక్కగది అదే, ఆయన మీకు ఫోన్ చేసింది అప్పుడే.

…వచ్చింది. ఫోటో చూపించింది.

నలుపూ తెలుపే, రంగుల్లేవు. దాంతో మీ తమ్ముడు పూర్తిగా కోలుకున్నారు. "నాది కలరు" అన్నారు… నిజంగా అన్నారు వదినా. నాకు నవ్వూ రాలేదు, కోపమూ రాలేదు. నేను ఆ ఫోటోనే చూస్తున్నా. నల్లటి చెయ్యి, కణుపుల దగ్గర తెల్లగా వెలుగుతోంది. ఎముక లోపల కూడా వాపు ఉందట. ఒక్కచోట ఎలక కొరికినంత మొదలైందట. "ఇదమ్మా మీ నొప్పి" అని వేలు పెట్టి చూపించింది.

…

…నేనా? ఏడ్చాను. భయపడి కాదు వదినా. ఉంది కదా, అని. ఇన్నాళ్లూ మీరందరూ లేదు లేదంటే, రాత్రుళ్లు నేనూ అనుకునేదాన్ని, నిజంగానే లేదేమో, నాకే పనంటే గిట్టడం లేదేమో అని. నా చేతుల్ని నేనే నమ్మలేదు. ఆ తెల్లటి మచ్చ చూశాక ప్రాణం లేచొచ్చింది. రోగం ఉందంటే అంత సంతోషించిన మనిషిని ఆవిడ చూసి ఉండదు. నీళ్లు ఇచ్చింది. మూత తీసి ఇచ్చింది.

…రుమటాయిడ్. ఇది వేరే. ఆయనది ఉప్పు పేరుకోవడం లాంటిది, నాది లోపలి మంట. ఒంటిని కాపలా కాయాల్సినవే ఒంటి మీద పడి కొరుకుతాయట. బయటివాళ్లెవరూ కాదట, ఇంట్లోవాళ్లేనట… ఆ, అర్థమైంది నాకు. తొందరగానే అర్థమైంది.

…వారానికోసారి మాత్ర, దానికి తోడు ఇంకేవో. గుణం కనిపించడానికి టైం పడుతుంది. కానీ తొందరగా పట్టుకున్నాం, ఆగుతుంది అంది. ఎక్స్‌రేలో కనిపించేదాకా కూర్చుని ఉంటే వేళ్లు పక్కకి వాలిపోయి ఉండేవట.

…ఆ.

…ఆ, వింటున్నా.

…రెస్టు తీసుకోవాలి, నిజమే.

…కొట్టు మూసేయాలి.

…గది ఊరికే ఉండటమెందుకు, మీ చిన్నాడు కొరియరు ఆఫీసు పెట్టుకుంటాడు. నాకూ విశ్రాంతిగా ఉంటుంది… అబ్బ. ఎంత తొందరగా నమ్మేశారు వదినా నా నొప్పిని. ఇంతసేపూ ఎమ్మారై ఒక్కటే గొప్పదనుకున్నా.

…దెప్పడం కాదు. నాకో చిన్న అనుమానం తీర్చండి. నా చేతులు భేషుగ్గా ఉన్నాయని మీరన్న రోజుల్లో ఎముకలు కొట్టాను, మీరంతా దిగినప్పుడు పెద్ద గిన్నెలు దించాను, దుప్పట్లు పిండాను. ఇప్పుడవి బాగాలేవని తేలింది. తేలగానే ముందు ఆగిపోవాల్సింది వంట కాదు, కుట్టుపనా?

…మీరలా అనలేదు. మరి ఎలా అన్నారు?

…మీ చిన్నాడు గది కొలతలు కూడా చూసుకున్నాడని నాకు తెలుసు… ఎలా తెలుసంటే, నా టేపు చెప్పింది. మేం స్కానింగుకి వెళ్లిన రోజు తాళం మీ తమ్ముడి దగ్గర తీసుకున్నాడుగా, పార్సిలు పెట్టాలని. నా టేపుతోనే కొలిచాడు గది. నేను ఎప్పుడూ అంగుళాల వైపు పైకి వచ్చేలా చుడతాను, తీయగానే ఒకటి దగ్గర చెయ్యి పడాలి. వచ్చి చూస్తే సెంటీమీటర్లు పైకొచ్చి, మధ్యలో మెలికపడి ఉంది. ఇంట్లో ఎవరికీ టేపు చుట్టడం రాదు. కొలిచింది నడుము కాదు గోడేనని, కింద పెన్సిలు గీతలు చూశాక తెలిసింది. నాలుగు మూలలా ఉన్నాయి. నేనేం చెరపలేదులెండి.

…ఆయన ఒప్పుకున్నారా. ఏమన్నారు సరిగ్గా?… "చూద్దాంలే అక్కా" అన్నారు. వదినా, మీరు ఆయన్ని ఎత్తుకుని తిప్పినవారు, మీకు తెలియనిదా. ఆయన చూద్దాంలే అంటే ఒప్పుకున్నట్టు కాదు, కాదనడానికి ధైర్యం లేనట్టు.

…అడిగాను. డాక్టర్ని నేను మొదట అడిగింది అదే. ప్రాణం గురించి కాదు, "కత్తెర పట్టొచ్చా?" అని. ఆవిడ, నా బొటనవేలు అటూ ఇటూ కదిపి చూసి, "పట్టాలి. చేతులు కదులుతూ ఉండాలి. తేలికైన కత్తెర తీసుకోండి, మిషనుకి మోటారు పెట్టించండి, మధ్యమధ్య ఆపండి. కత్తెర ఉంచండి, కత్తి మానండి" అంది. నరకడం, పిండడం, బరువులు దించడం, ఇవీ వద్దన్నవి. కుట్టడం వద్దన్నవాటిలో లేదు వదినా. నేను రెండుసార్లు అడిగి మరీ వచ్చా.

…వంటా?

…చేస్తున్నారుగా. మీ తమ్ముడే.

…మీ తమ్ముడే వదినా. ఇప్పుడు కూడా వంటింట్లోనే ఉన్నారు. స్టూలు మీద కూర్చుని ఆనపకాయ చెక్కు తీస్తున్నారు… కాలు కింద పెట్టనక్కర్లేదు, ఇంకో స్టూలు వేశాను. ఒక్క కీలూ అరగలేదని ఫోటో తీసి మరీ చెప్పారు కదా. అన్ని ఏళ్లు దాచుకున్న కీళ్లు, దేనికో ఒకదానికి వాడాలిగా… మొదటిరోజు అలిగారు. రెండోరోజు ఉప్పెక్కడుందని అడిగారు. అక్కడే ఉందన్నాను, ఆ డబ్బా మన ఇంట్లో ఎప్పట్నుంచో అక్కడే ఉందని ఆయనకి అప్పుడే తెలిసింది.

…మీ మాట నేనెందుకు కాదంటాను, మాట్లాడండి ఆయనతో. ఉండండి. —ఏమండీ, మీ అక్కయ్య. ఈ గది చిన్నాడికి ఇద్దామన్నారటగా మీరు. ఏం చెప్పమంటారు?— …

…వదినా, విన్నారా? వినపడలేదా. "నువ్వే చెప్పు" అంటున్నారు… అదే ఆయన తెలివి. మీకు కాదని చెప్పలేరు, నాకు అవునని చెప్పలేరు. ఇన్నేళ్లూ మీకూ నాకూ మధ్య ఈల పట్టుకుని నిలబడ్డారు, ఒక్కసారీ ఊదలేదు.

సరే, నేనే చెప్తా. గది ఖాళీ లేదు వదినా.

…ఎప్పుడు ఖాళీ అవుతుందంటే, అవదు.

…అవదండీ.

…మీ చిన్నాడికి చెడు కోరుకుంటానా. వాడి పెళ్లి కోటు ఈ బల్ల మీదే కదా కుట్టింది. బస్టాండు పక్కన గదులు ఖాళీగా ఉన్నాయి, కొరియరుకి అదే మంచిది. వాడితో నేనూ వస్తా చూడ్డానికి.

…మాత్రలు పని చేయకపోతేనా?… ఏమో. చేయకపోవచ్చు. నాకూ భయమే, లేదని ఎందుకనాలి. రాత్రి పడుకునేటప్పుడు వేళ్లు ఒకటికి రెండుసార్లు మడిచి చూసుకుంటున్నా. చేతులు పోతే కుర్చీ వేసుకుని కూర్చుని ఇంకొకరితో కుట్టిస్తా. అదీ కుదరకపోతే తాళం వేసుకుని తాళంచెవి నా దగ్గరే పెట్టుకుంటా. చేతులు బాగున్నంతకాలం నాది, తర్వాత మీవాడిది అని ఈ గది గురించి నేనెప్పుడూ ఎవరికీ మాటివ్వలేదు వదినా.

…రండి, ఆదివారం తప్పకుండా రండి. ఎందుకు రావద్దంటాను. మీ తమ్ముడి చేతి వంట తిందురుగాని. నాకంటే కారం కాస్త తగ్గిస్తున్నారు, మీకు పడుతుంది. గిన్నెలు దించేటప్పుడు మాత్రం మీరో చెయ్యి వేయండి.

…కోపంగా లేను. నిజంగా లేను.

…

…మారిపోయానా?

…లేదు వదినా. నేనేం మారలేదు. లోపల ఉన్నది ఫోటోలో పడింది, అంతే. ఉంటాను.